వర్డ్‌ప్రెస్ ప్లగిన్ సొంత టేబుల్‌లో సాఫ్ట్ డిలీట్ ఎలా పెట్టాలి

వర్డ్‌ప్రెస్‌లో పోస్టు డిలీట్ చేస్తే అది వెంటనే పోదు, చెత్తబుట్టలోకి వెళ్తుంది. మామూలుగా 30 రోజులు అక్కడే ఉంటుంది. 2009 డిసెంబరులో 2.9 వెర్షన్ వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి. అందుకే వర్డ్‌ప్రెస్ వాడేవాళ్ళకు డిలీట్ నొక్కడమంటే భయం లేదు, పొరపాటైతే వెనక్కి తెచ్చుకోవచ్చని వాళ్ళ చేతికి అలవాటైపోయింది. కానీ మీ ప్లగిన్ సొంతంగా తయారుచేసుకున్న టేబుల్‌కి ఆ చెత్తబుట్ట వర్తించదు. అక్కడ డబ్ల్యూపీడీబీ (వర్డ్‌ప్రెస్‌లో డేటాబేస్‌తో మాట్లాడే క్లాస్) డిలీట్ మెథడ్ నడిచిందంటే ఆ రో (టేబుల్‌లో ఒక వరస) అక్కడితో సరి. మళ్ళీ కావాలంటే బ్యాకప్ వెతుక్కోవాల్సిందే. ఆ రోని నిజంగా తీసేయకుండా, తీసేసినట్టు గుర్తు మాత్రం పెట్టి దాచడమే సాఫ్ట్ డిలీట్.

మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. మీ డేటాకి నిజంగా సొంత టేబుల్ కావాలా? కస్టమ్ పోస్ట్ టైప్‌లో సరిపోయేదైతే చెత్తబుట్ట, రీస్టోర్, 30 రోజుల గడువు అన్నీ ఊరికే వస్తాయి, కింద చెప్పే పనిలో ఎక్కువ భాగం తప్పుతుంది. సొంత టేబుల్ తప్పదనుకుంటేనే ముందుకు రండి.

ఉదాహరణకి గ్రంథాలయం ప్లగిన్ ఒకటి తీసుకుందాం. టేబుళ్ళు మూడు: సభ్యులు, అరువులు, రిజర్వేషన్లు. సభ్యుల టేబుల్‌లో పేరు, మొబైల్ నంబరు, చేరిన తేదీ ఉంటాయి. ఒక నంబరుతో ఇద్దరు చేరకుండా మొబైల్ మీద యూనిక్ ఇండెక్స్ ఉంది.

1. ఏ టేబుల్‌కి కావాలో తేల్చుకోండి

అన్నిటికీ పెట్టకండి. మనిషి చేత్తో నమోదు చేసి, మనిషే చేత్తో తీసేసే రికార్డులకు సాఫ్ట్ డిలీట్ ఉండాలి. ఎస్ఎమ్ఎస్ పంపిన లాగ్, ఓటీపీలు, తాత్కాలిక సెషన్లు లాంటివి నేరుగా తీసేయడమే మంచిది. వాటిని దాచిపెడితే టేబుల్ ఉబ్బడం తప్ప ఎవరికీ ఉపయోగం లేదు. మన ఉదాహరణలో సభ్యులకు, రిజర్వేషన్లకు పెడదాం. అరువులు చరిత్ర కాబట్టి వాటిని అసలు డిలీటే చేయం.

2. కాలమ్‌లు చేర్చండి

చాలామంది ఈజ్_డిలీటెడ్ అని 0 లేదా 1 పెట్టే కాలమ్ ఒకటి చేర్చి ఊరుకుంటారు. అది చాలదు. ఎప్పుడు తీసేశారో తెలియకపోతే 30 రోజుల తర్వాత ఖాళీ చేయడం కుదరదు. ఈ మూడూ పెట్టండి:

- డిలీటెడ్_ఎట్: డేట్‌టైమ్ రకం, డిఫాల్ట్ నల్ (అంటే విలువ ఏదీ లేదని). నల్ ఉంటే రికార్డు ఉన్నట్టు, తేదీ ఉంటే చెత్తబుట్టలో ఉన్నట్టు.
- డిలీటెడ్_బై: తీసేసిన యూజర్ ఐడీ, డిఫాల్ట్ నల్. "ఎవరు తీశారు?" అని రేపు ఎవరో ఒకరు అడుగుతారు.
- డెడ్_కీ: బిగ్ఇంట్ అన్‌సైన్డ్, నాట్ నల్, డిఫాల్ట్ 0. దీని పని 3వ మెట్టులో తెలుస్తుంది.

ఇండెక్స్ కూడా ఇప్పుడే వేయండి. డిలీటెడ్_ఎట్ ఒక్కదాని మీద కాకుండా, డిలీటెడ్_ఎట్, చేరిన తేదీ రెండూ అదే వరసలో కలిపి వేయండి. "నల్ ఉన్నవి మాత్రమే, కొత్తగా చేరినవాళ్ళు పైన" అనే లిస్టుకి అదే పనికొస్తుంది, పాతవి ఖాళీ చేసే క్వెరీకీ అదే పనికొస్తుంది.

టేబుల్ మార్చడానికి వర్డ్‌ప్రెస్ ఇచ్చే డీబీడెల్టా ఫంక్షన్ వాడతారు కదా, దానికి కొన్ని పట్టింపులున్నాయి. ఒక్కో కాలమ్ ఒక్కో లైనులో ఉండాలి. ప్రైమరీ కీ అనే మాటకూ బ్రాకెట్‌కూ మధ్య రెండు స్పేస్‌లుండాలి. ఇండెక్స్ అని కాకుండా కీ అని రాయాలి. అంతకంటే ముఖ్యం, డీబీడెల్టా కొత్తవి చేరుస్తుంది గానీ పాత ఇండెక్స్‌ని తీసేయదు.

ఇదంతా యాక్టివేషన్ హుక్‌లో (ప్లగిన్‌ని యాక్టివేట్ చేసినప్పుడు నడిచే కోడ్‌లో) ఒక్కచోటే పెడితే, ప్లగిన్‌ని అప్‌డేట్ చేసుకున్న పాత సైట్లలో కాలమ్‌లు రానే రావు. అప్‌డేట్ అప్పుడు ఆ హుక్ నడవదు. ఆప్షన్స్‌లో టేబుల్ వెర్షన్ నంబరు ఒకటి దాచుకుని, ప్లగిన్స్_లోడెడ్ హుక్‌లో దాన్ని పోల్చి, తక్కువుంటే అప్పుడు మార్పు నడిపించండి. మార్పు పూర్తయిందని కాలమ్ చూసి నిర్ధారించుకున్నాకే ఆ నంబరు పెంచండి. ముందే పెంచేస్తే, ఏదైనా ఎర్రర్ వచ్చినా ప్లగిన్ మళ్ళీ ప్రయత్నించదు.

3. యూనిక్ ఇండెక్స్ సంగతి

సాఫ్ట్ డిలీట్ పెట్టిన ప్లగిన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. లక్ష్మి గారి సభ్యత్వం జూన్ మొదట్లో తీసేశారు. జూన్ చివర్లో ఆవిడ మళ్ళీ చేరడానికి వచ్చారు, నంబరు పాతదే. స్క్రీన్ మీద ఆవిడ పేరు ఎక్కడా కనిపించదు, కానీ సేవ్ నొక్కితే 1062, డూప్లికేట్ ఎంట్రీ అని ఎర్రర్. పాత రో ఇంకా టేబుల్‌లోనే ఉంది కాబట్టి మైఎస్‌క్యూఎల్ ఒప్పుకోదు. కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళకి మాత్రం ఏం జరుగుతోందో అర్థం కాదు.

దీనికి చాలామందికి మొదట తట్టే విరుగుడు: మొబైల్, డిలీటెడ్_ఎట్ రెండిటినీ కలిపి యూనిక్ చేయడం. అది పనిచేయదు, పైగా ఉన్న రక్షణ కూడా పోతుంది. ఉన్న సభ్యులందరికీ డిలీటెడ్_ఎట్ నల్. యూనిక్ ఇండెక్స్‌లో ఒక నల్ ఇంకో నల్‌కి సమానం కాదు. అంటే ఒకే నంబరుతో ఇద్దరు సభ్యులు హాయిగా చేరిపోతారు, ఎర్రర్ కూడా రాదు.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో అయితే తీసేయని రోల మీద మాత్రమే యూనిక్ ఇండెక్స్ వేయొచ్చు. వర్డ్‌ప్రెస్ నడిచే మైఎస్‌క్యూఎల్‌లో, మరియాడీబీలో ఆ సౌకర్యం లేదు. అందుకే డెడ్_కీ. ఉన్న రికార్డులో అది 0. డిలీట్ చేసేటప్పుడు అందులో ఆ రో సొంత ఐడీ వేయండి. మొబైల్, డెడ్_కీ కలిపి యూనిక్ చేయండి. ఉన్నవాళ్ళందరికీ 0 కాబట్టి ఒక నంబరుతో ఒక్కరే ఉండగలరు. తీసేసినవాటిలో ఐడీ ఎప్పుడూ వేరే కాబట్టి ఒకే నంబరుతో ఎన్ని పాత రోలున్నా గొడవ లేదు.

కొత్త ఇండెక్స్‌కి కొత్త పేరు పెట్టండి. పాత పేరే ఉంచి కాలమ్‌లు మారిస్తే, డీబీడెల్టా దాన్ని మళ్ళీ చేర్చబోయి ఆ పేరు ఇప్పటికే ఉందన్న ఎర్రర్‌తో ఆగిపోతుంది. కొత్తది పడ్డాక పాత ఇండెక్స్‌ని ఆల్టర్ టేబుల్, డ్రాప్ ఇండెక్స్‌తో మీరే తీయాలి. ఇది మరిచిపోతే 1062 మళ్ళీ ఎదురవుతుంది.

4. డిలీట్ ఫంక్షన్

డబ్ల్యూపీడీబీ డిలీట్ ఉన్న చోట అప్‌డేట్ రాస్తారు. డిలీటెడ్_ఎట్‌కి ఇప్పటి టైము, డిలీటెడ్_బైకి యూజర్ ఐడీ, డెడ్_కీకి ఆ రో ఐడీ. వేర్ భాగంలో ఐడీతో పాటు "డిలీటెడ్_ఎట్ నల్" అన్న షరతు కూడా పెట్టండి. 4.4 వెర్షన్ నుంచి వేర్ అర్రేలో నల్ ఇస్తే డబ్ల్యూపీడీబీ దాన్ని ఈజ్ నల్‌గానే రాస్తుంది. ఈ షరతు లేకపోతే, ఎవరైనా బటన్ రెండుసార్లు నొక్కినప్పుడు తేదీ మారిపోయి 30 రోజుల లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

అప్‌డేట్ తిరిగిచ్చే విలువని జాగ్రత్తగా చూడండి. ఫాల్స్ వస్తే ఎర్రర్. 0 వస్తే క్వెరీ సరిగానే నడిచింది, మారిన రో మాత్రం లేదు, బహుశా అప్పటికే తీసేశారు. రెండిటినీ ఒకే గాటన కట్టకండి. మూడు సమాన గుర్తులతోనే పోల్చండి.

టైము యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) వేయండి. కరెంట్_టైమ్ ఫంక్షన్‌కి రెండో ఆర్గ్యుమెంట్ ట్రూ ఇస్తే యూటీసీ వస్తుంది. ఒక చోట ఇండియా టైము, ఇంకో చోట మైఎస్‌క్యూఎల్ నౌ వాడితే, సర్వర్ యూటీసీలో ఉన్నప్పుడు అయిదున్నర గంటల తేడా పడుతుంది. సైటు సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ మార్చినా మీ లెక్క చెదరకూడదు. స్క్రీన్ మీద చూపించేటప్పుడు మాత్రం స్థానిక టైముకి మార్చండి.

చివరగా, ఆ రికార్డుని కాష్‌లో (త్వరగా అందేలా దాచుకున్న కాపీలో) పెట్టి ఉంటే డబ్ల్యూపీ_కాష్_డిలీట్ పిలవండి. రెడిస్ లాంటి ఆబ్జెక్ట్ కాష్ ఉన్న సైట్లలో ఇది వదిలేస్తే, తీసేసిన సభ్యుడు కొన్ని పేజీల్లో కనిపిస్తూ, కొన్నిటిలో కనిపించకుండా ఉంటాడు. మీ లోకల్ మెషీన్‌లో ఆ కాష్ ఉండదు కాబట్టి అక్కడ ఎంత వెతికినా ఈ తప్పు దొరకదు.

5. చదివే ప్రతి చోటా షరతు పెట్టండి

పనిలో పెద్ద భాగం ఇదే. ప్లగిన్ ఫోల్డర్ మొత్తంలో ఆ టేబుల్ పేరు వెతకండి. అడ్మిన్ లిస్టు ఎలాగూ గుర్తుంటుంది. మరిచిపోయేవి వేరే: డ్యాష్‌బోర్డులో మొత్తం సంఖ్య, సీఎస్‌వీ ఎక్స్‌పోర్ట్, డ్రాప్‌డౌన్, షార్ట్‌కోడ్, వెతుకులాట, "ఈ నంబరు ఇప్పటికే ఉందా" అనే అజాక్స్ చెక్. దొరికిన ప్రతి చోటా షరతు అతికించుకుంటూ పోకండి. టేబుల్‌ని చదివే క్వెరీలన్నీ ఒకే క్లాస్‌లోకి తెచ్చి, షరతు అక్కడే డిఫాల్ట్‌గా పడేలా చేయండి. చెత్తబుట్టలోవి కావాలనుకున్నప్పుడు ప్రత్యేకంగా అడిగేలా ఉండాలి. రేపు మీ తర్వాత వచ్చినవాళ్ళు కొత్త క్వెరీ రాసినా తప్పు జరగకూడదంటే ఇదే దారి.

జాయిన్‌ల దగ్గర ఆగి చూడండి. ఒక్కో సభ్యుడికి ఎన్ని రిజర్వేషన్లున్నాయో లెక్క కావాలి. సభ్యుల టేబుల్‌కి రిజర్వేషన్లను లెఫ్ట్ జాయిన్ (రిజర్వేషన్ లేకపోయినా సభ్యుడు వచ్చేలా కలపడం) చేసి, వేర్‌లో "రిజర్వేషన్ డిలీటెడ్_ఎట్ ఈజ్ నల్" అని రాశారనుకోండి. లక్ష్మికి రెండు రిజర్వేషన్లు, ఆమె లిస్టులో వస్తుంది. రమేష్‌కి ఒక్కటీ లేదు, జాయిన్ అతని పక్కన నల్‌లే పెడుతుంది, షరతు దాటిపోతుంది, అతనూ వస్తాడు. సుజాత ఒకటి పెట్టి రద్దు చేసుకుంది. ఆమె పక్కన రో ఉంది, దానికి డిలీటెడ్_ఎట్‌లో తేదీ ఉంది, వేర్ దాన్ని కొట్టేస్తుంది. దాంతో సుజాత పేరే లిస్టులోంచి మాయమవుతుంది. రమేష్‌తో పరీక్షించి "సున్నా ఉన్నవాళ్ళు కూడా వస్తున్నారు" అనుకుంటే ఈ తప్పు పట్టుబడదు. షరతుని వేర్‌లో కాకుండా జాయిన్ తాలూకు ఆన్ భాగంలో పెట్టండి. లెక్కపెట్టేటప్పుడు కౌంట్‌లో నక్షత్రం కాకుండా రిజర్వేషన్ ఐడీ ఇవ్వండి, లేకపోతే రమేష్‌కి 1 అని చూపిస్తుంది.

షరతు పెట్టకూడని చోటు కూడా ఒకటుంది. పాత అరువుల చరిత్ర చూపించేటప్పుడు తీసేసిన సభ్యుడి పేరు కూడా రావాలి, పక్కన "తొలగించిన సభ్యుడు" అని గుర్తుతో. లేకపోతే పుస్తకం ఎవరి దగ్గరికి వెళ్ళిందో చెప్పే చోట ఖాళీ కనిపిస్తుంది. అసలు తిరిగివ్వాల్సిన పుస్తకం ఉండగా సభ్యుడిని డిలీట్ చేయనివ్వకండి. డిలీట్ ఫంక్షన్ మొదట్లోనే ఆ చెక్ పెట్టి, ఏ పుస్తకం బాకీ ఉందో పేరుతో సహా చూపించండి.

6. కింద ఉన్న రికార్డులు

సాఫ్ట్ డిలీట్ అంటే డేటాబేస్ దృష్టిలో ఉత్త అప్‌డేట్. ఫారిన్ కీలో ఆన్ డిలీట్ కాస్కేడ్ (పై రో పోతే దాని కింది రోలు కూడా పోవాలన్న నియమం) పెట్టుకున్నా అది కదలదు. సభ్యుడితో పాటు అతని రిజర్వేషన్లు కూడా క్యూలోంచి తప్పుకోవాలంటే ఆ పని మీ కోడే చేయాలి, రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే రెండూ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు).

ఇక్కడ ముఖ్యం: టైముని ఒక్కసారే తీసుకుని సభ్యుడికీ రిజర్వేషన్లకూ సరిగ్గా అదే విలువ వేయండి. రీస్టోర్ చేసేటప్పుడు, సభ్యుడి డిలీటెడ్_ఎట్‌తో సరిగ్గా సరిపోయే రిజర్వేషన్లని మాత్రమే వెనక్కి తెస్తారు. అతను పోయిన నెల తనే రద్దు చేసుకున్న రిజర్వేషన్ టైము వేరే కాబట్టి అది చెత్తబుట్టలోనే ఉండిపోతుంది. వర్డ్‌ప్రెస్ కూడా ఇలాంటి జాగ్రత్తే తీసుకుంటుంది. పోస్టు చెత్తబుట్టకి వెళ్తే, దాని కామెంట్ల పాత స్థితులని పోస్ట్ మెటాలో రాసి పెట్టుకుని, రీస్టోర్‌లో ఎవరి స్థితి వాళ్ళకి తిరిగి ఇస్తుంది. స్పామ్‌లో ఉన్నది బయటికి రాకూడదు కదా.

7. రీస్టోర్

డిలీటెడ్_ఎట్ నల్, డిలీటెడ్_బై నల్, డెడ్_కీ 0. చూడటానికి ఇంతే. కానీ డిలీటెడ్_ఎట్‌ని నల్ చేసే తీరులో పెద్ద గొయ్యి ఉంది.

క్వెరీలో విలువలు పెట్టే ప్రిపేర్ ఫంక్షన్‌కి నల్ అంటే తెలియదు. శాతం ఎస్ (%s) ఉన్న చోట నల్ ఇస్తే అది ఖాళీ స్ట్రింగ్ అయిపోతుంది. వర్డ్‌ప్రెస్ తన కనెక్షన్‌లో మైఎస్‌క్యూఎల్ స్ట్రిక్ట్ మోడ్‌ని తీసేస్తుంది కాబట్టి ఎర్రర్ కూడా రాదు, కాలమ్‌లో అన్నీ సున్నాలున్న తేదీ కూర్చుంటుంది. అది నల్ కాదు. కాబట్టి రీస్టోర్ అయిందని మెసేజ్ వస్తుంది, సభ్యుడు మాత్రం చెత్తబుట్టలోనే ఉంటాడు. అంతటితో ఆగదు. సున్నాల తేదీ 30 రోజుల గడువు కంటే పాతదే కదా, ఆ రాత్రి ఖాళీ చేసే పని నడిచినప్పుడు ఆ రికార్డు శాశ్వతంగా పోతుంది. కావాలని వెనక్కి తెచ్చుకున్నదే అన్నిటికంటే ముందు పోతుంది. అందుకని రీస్టోర్‌కి డబ్ల్యూపీడీబీ అప్‌డేట్ మెథడే వాడి, డేటా అర్రేలో నల్ ఇవ్వండి. సొంత క్వెరీ రాయాల్సి వస్తే నల్ అన్న మాటని క్వెరీలోనే నేరుగా రాయండి.

ఇంకో సంగతి. లక్ష్మి గారు జూన్ చివర్లో కొత్తగా చేరాక, ఎవరైనా జూన్ మొదట్లో తీసేసిన పాత రికార్డుని రీస్టోర్ చేయబోతే డెడ్_కీ 0 అవగానే 1062 వస్తుంది. అది సరైన ఎర్రరే. కానీ ముందే చెక్ చేసి "ఈ నంబరుతో ఇప్పటికే సభ్యులున్నారు" అని తెలుగులో చెప్పి, ఆ సభ్యుడి పేజీకి లింకు ఇవ్వండి.

8. అడ్మిన్ స్క్రీన్

లిస్ట్ టేబుల్ క్లాస్‌లో వ్యూస్‌కి "అన్నీ", "చెత్తబుట్ట" అని రెండు పెట్టి పక్కన సంఖ్యలు చూపండి. మామూలు లిస్టులో "చెత్తబుట్టకి", చెత్తబుట్టలో "పునరుద్ధరించు", "శాశ్వతంగా తొలగించు". వర్డ్‌ప్రెస్ వాడేవాళ్ళకి అలవాటైన మాటలే ఇవి, కొత్తవి కనిపెట్టకండి.

ఈ లింకులన్నీ గెట్ రిక్వెస్ట్‌లు. ప్రతిదానికీ నాన్స్ (రిక్వెస్ట్ మన పేజీ నుంచే వచ్చిందని చూపే టోకెన్) ఉండాలి, నాన్స్ పేరులో ఆ రికార్డు ఐడీ కలిసి ఉండాలి. అవతల చెక్_అడ్మిన్_రిఫరర్ పిలవండి. నాన్స్ ఒక్కటే చాలదు, కరెంట్_యూజర్_కెన్ కూడా కావాలి. శాశ్వత తొలగింపుకి వేరే కేపబిలిటీ (అనుమతి) పెట్టడం మంచిది. కౌంటర్‌లో ఉన్నవాళ్ళు చెత్తబుట్టకి పంపగలగాలి, ఖాళీ చేయడం మాత్రం బాధ్యులైనవాళ్ళ చేతిలో ఉండాలి.

రెస్ట్ ఏపీఐ (బయటి యాప్‌లు మీ డేటాని అడిగే దారి) ఇస్తుంటే వర్డ్‌ప్రెస్ సొంత పద్ధతే పాటించండి: డిలీట్ రిక్వెస్ట్ మామూలుగా వస్తే చెత్తబుట్ట, ఫోర్స్ ట్రూ అని వస్తే శాశ్వతం, అప్పటికే చెత్తబుట్టలో ఉన్నదానికి మామూలు రిక్వెస్టే మళ్ళీ వస్తే 410 ఎర్రర్.

9. ఖాళీ చేయడం

రోజుకొకసారి నడిచే క్రాన్ ఈవెంట్ (టైము ప్రకారం దానంతటదే నడిచే పని) పెట్టండి. పెట్టే ముందు డబ్ల్యూపీ_నెక్స్ట్_షెడ్యూల్డ్‌తో అది ఇప్పటికే ఉందేమో చూడండి. గడువుకి ఎంప్టీ_ట్రాష్_డేస్ కాన్‌స్టెంట్‌నే వాడండి. సైటు యజమాని దాన్ని 0 చేసి ఉంటే చెత్తబుట్ట వద్దన్నట్టు, అప్పుడు మీ ప్లగిన్ కూడా నేరుగా తీసేయాలి. గడువు తేదీని పీహెచ్‌పీలో యూటీసీతో లెక్కగట్టి క్వెరీకి ఇవ్వండి.

ఒక్కసారే అన్నీ తీసేయకండి. 500 చొప్పున లిమిట్ పెట్టి, ముందు రిజర్వేషన్లు, తర్వాత సభ్యులు. వరస తిరగబడితే అనాథ రోలు మిగులుతాయి. మన ఉదాహరణలో అరువుల చరిత్ర సభ్యుడి ఐడీని పట్టుకుని ఉంది కాబట్టి, సభ్యుడి రో పోయే ముందే అరువులో ఆ ఐడీని నల్ చేయాలి. పుస్తకం ఎన్నిసార్లు బయటికి వెళ్ళిందన్న లెక్క అప్పుడూ మిగులుతుంది.

వర్డ్‌ప్రెస్ క్రాన్ ఎవరైనా సైటు తెరిచినప్పుడే నడుస్తుంది. వారానికి నలుగురు వచ్చే గ్రంథాలయం సైటులో అది రోజూ నడవకపోవచ్చు. గడువు కచ్చితంగా పాటించాల్సి ఉంటే సర్వర్ క్రాన్‌తో పిలిపించండి.

10. "నా వివరాలు తీసేయండి" అన్నప్పుడు

చెత్తబుట్టలో ఉన్న మొబైల్ నంబరు ఇంకా మీ డేటాబేస్‌లోనే ఉంది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తన వివరాలు తుడిచేయమని అడిగే హక్కు మనిషికి ఇచ్చింది. అలా అడిగినవాళ్ళకి సాఫ్ట్ డిలీట్ చేసి "తీసేశాం" అని చెప్పడం అబద్ధం. వర్డ్‌ప్రెస్‌లో 4.9.6 నుంచి వ్యక్తిగత డేటా ఎరేజర్ సాధనం ఉంది. దానికి డబ్ల్యూపీ_ప్రైవసీ_పర్సనల్_డేటా_ఎరేజర్స్ ఫిల్టర్ ద్వారా మీ ఫంక్షన్‌ని చేర్చండి. ఆ సాధనం మనిషిని ఈమెయిల్‌తో గుర్తిస్తుంది, కాబట్టి సభ్యుల టేబుల్‌లో ఈమెయిల్ లేదా యూజర్ ఐడీ కాలమ్ ఉండాలి. ఆ ఫంక్షన్ చెత్తబుట్టలోని రోలను కూడా వెతకాలి. 5వ మెట్టులో పెట్టిన డిఫాల్ట్ షరతు ఇక్కడ అడ్డొస్తుంది, దాన్ని తీసి పిలవండి.

11. విడుదలకి ముందు చేతితో చూడాల్సినవి

పాత వెర్షన్ ప్లగిన్‌తో పది మంది సభ్యులని చేర్చి, ఆ సైటుని కొత్త వెర్షన్‌కి అప్‌డేట్ చేయండి, డీయాక్టివేట్ చేయకుండా. టేబుల్‌లో మూడు కాలమ్‌లూ వచ్చాయా, పాత యూనిక్ ఇండెక్స్ పోయిందా చూడండి. ఒక సభ్యుడిని తీసేసి అదే నంబరుతో మళ్ళీ చేర్చండి. తర్వాత పాతదాన్ని రీస్టోర్ చేయబోయి, మీ సందేశం వస్తుందో ముడి ఎర్రర్ వస్తుందో చూడండి. రీస్టోర్ అయిన ఇంకో రికార్డుని డేటాబేస్‌లో తెరిచి, డిలీటెడ్_ఎట్‌లో నల్ ఉందా, సున్నాలున్నాయా కంటితో చూడండి. చివరికి ఒక రో తేదీని 31 రోజులు, ఇంకోదాన్ని 29 రోజులు వెనక్కి జరిపి క్రాన్ పనిని చేత్తో నడపండి. మొదటిది పోవాలి, రెండోది ఉండాలి.

ప్లగిన్‌ని డీయాక్టివేట్ చేస్తే క్రాన్ ఈవెంట్ మాత్రమే తీయండి, డేటాని ముట్టుకోకండి. టేబుళ్ళని తీసేయడం అన్‌ఇన్‌స్టాల్ ఫైల్‌లో, అదీ సెట్టింగ్స్‌లో యజమాని టిక్కు పెట్టి ఉంటేనే.